తన బుద్ధితో నడిచే బండి

నాకు కోపం ఎక్కువని మా ఆవిడ రాజ్యలక్ష్మి అంటుంది. కోపం కాదు, పట్టింపు. ఒక వస్తువుకు ఒక పేరుంటే ఆ పేరుతోనే పిలవాలంటాను. మోటారు అనాల్సిన చోట ఇంజను అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇలాంటి మనిషికి జహీరాబాద్‌లో, ట్రాక్టర్లకు గేరుబాక్సు పెట్టెలు చేసే ఫ్యాక్టరీలో, ఇరవై ఆరేళ్లుగా ఏం పని దొరికిందంటే, ఇంగ్లీషు పుస్తకాల్లో ఉన్నదాన్ని తెలుగు చేసి కార్మికులకు చెప్పడం, షెడ్డులో జరిగినదాన్ని ఇంగ్లీషు చేసి హెడ్డాఫీసుకు రాయడం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఇక్కడి మాట ఇప్పటికీ నా నోట సరిగ్గా పలకదు గాని, వినడంలో మాత్రం ఒక్క అక్షరం పోదు.

దసరా వెళ్లిన మర్నాడు షెడ్డులో ప్రమాదం జరిగింది. ఆ మర్నాడు పొద్దున్నే మా ప్లాంటు మేనేజరు మహిధర్ నా బల్ల మీద ఒక ఫారం పెట్టాడు. ప్రమాద నివేదిక. మహిధర్‌ది కోహీర్. నలభై నిండలేదు, నెమ్మదైనవాడు, పెద్దవాళ్లంటే మర్యాద ఉన్నవాడు.

"నాలుగింటికల్లా పంపాలె సార్. జర చిన్నగ, సాఫ్‌గ రాయండి. యంత్రం రకం దగ్గర ఆటోమేటిక్ అని పెట్టండి. కారణం దగ్గర, హౌస్‌కీపింగ్ మనిషి దారి మీద గీతలు గీసింది అని. గంతే."

"ఆటోమేటిక్కా?" అన్నాను.

"మొదటి నుంచి మీరు అన్నది గదే గద సార్?"

అన్న మాట నిజమే. ఎనిమిది నెలల కిందట ఆ ఒక్క మాట కోసం ఇతనితోనే గంటసేపు వాదులాడాను. ఇప్పుడు నా మాటే నెగ్గింది. నెగ్గినందుకు వీసమెత్తు సంతోషం కూడా కలగలేదు, ఎందుకంటే ఆ ఫారం మహిధర్ చెప్పినట్టే వెళితే షెడ్డు ఊడ్చే సుమిత్ర ఉద్యోగం పోతుంది.

ముందు బండి సంగతి చెప్పాలి. ఫిబ్రవరిలో మా షెడ్డుకు డ్రైవరు లేని ట్రాలీ ఒకటి వచ్చింది. మంచమంత ఉంటుంది. ఆకుపచ్చ రంగు వేసిన నేల మీద తెల్లగా ఒక గీత గీశారు. బండి పొట్ట కింద చిన్న కెమెరా. ఆ గీతను చూసుకుంటూ స్టోరు నుంచి పెయింటు షెడ్డుకు పోతుంది, వస్తుంది. ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే ఆగి కూతపెడుతుంది. అంతకు మించి దానికేమీ తెలియదు.

అయితే దానితో పాటు మూడు కాగితాలు వచ్చాయి, మూడింట్లో మూడు మాటలు. అమ్మినవాళ్ల రంగుల పుస్తకంలో అటానమస్. మేం కొన్న కాగితంలో ఆటోమేటెడ్. బండికి కొట్టిన రేకు మీద ఆటోమేటిక్. చూస్తే మూడూ ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. ఏదైతే ఏం అనుకునేవాళ్లు బోలెడు మంది. నేను మాత్రం చచ్చినా అనుకోను. ఇక్కడి రైతు బోరుకు ఆటో స్టార్టరు పెడతాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, మడి నిండిందా పొర్లిపోతోందా దానికి అక్కర్లేదు. అది ఆటోమేటిక్. మనుషులు ఒకరి తర్వాత ఒకరు చేసే పనిని వరసగా యంత్రాలకు అప్పజెబితే, ఆ పని ఆటోమేటెడ్. అటానమస్ అంటే ఇవేవీ కాదు. అది చూడాలి, చూసి ఆలోచించాలి, ఇటు కాదు అటు అని తానే తేల్చుకోవాలి.

"మన బండి ఆలోచించదు మహిధర్ గారూ. గీత చెరిగితే నిలబడిపోతుంది. దాన్ని అటానమస్ అనడం తప్పు," అని అప్పుడే చెప్పాను.

"మీరు చెప్పేది కరెక్టే సార్. కాని హెడ్డాఫీసోళ్లు చూడనీకి వస్తున్నరు. పుస్తకంల అటానమస్ అని ఉన్నది, బోర్డు మీద గూడ గదే ఉండాలె. కింద తెలుగుల మీరే రాయండి, మీ లెక్క ఎవరు రాస్తరు?"

అదిగో, ఆ చివరి మాటతో నన్ను పడగొట్టాడు. పొగిడితే నేను ఇట్టే పడిపోతాను, ఆ సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. రెండు రోజులు నిద్రాహారాలు మాని, 'తన బుద్ధితో నడిచే బండి' అని రాసిచ్చాను. చెప్పొద్దూ, ఎంత ముచ్చటగా కుదిరిందో. వచ్చినవాళ్లు దాని అర్థం అడిగి తెలుసుకుని ఫొటో దిగారు. ఆ సాయంత్రం రాజ్యలక్ష్మికి మూడుసార్లు చదివి వినిపించాను.

ఆ ఊపులోనే క్యాంటీనులో తొంభై మందికి క్లాసు తీసుకున్నాను. "చేలో నుంచి మీ ఎద్దు ఇంటికి తానే రాదూ? దారిలో గుంత ఉంటే చూసుకుని పక్క నుంచి రాదూ? ఇదీ అంతే. మీరు కంగారు పడక్కర్లేదు, దాని దారి దానికి తెలుసు," అన్నాను. నవ్వారు, చప్పట్లు కొట్టారు. అందరికీ నచ్చింది, నాకు అందరికంటే ఎక్కువ నచ్చింది.

ఇక సుమిత్ర. చిరాగ్‌పల్లి నుంచి రోజూ షేరింగ్ ఆటోలో వస్తుంది. రెండో షెడ్డు ఊడవడం, తుడవడం ఆమె పని. కాంట్రాక్టు మీద తొమ్మిదేళ్లుగా చేస్తోంది. ఈ ఏడాది పర్మినెంటు చేసే జాబితాలో ఆమె పేరు ఉందని అందరూ అనుకుంటున్నారు. ఆయుధపూజకు మా షెడ్డులో ముగ్గు వేసేది ఆమె ఒక్కతే, ఇంకొకరు చెయ్యి పెట్టరు. ఏటా మిషన్లు కడుగుతారు, బొట్లు పెడతారు, ఫోర్క్‌లిఫ్టు చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, సుమిత్ర వాకిట్లో ముగ్గేస్తుంది. ముగ్గుపిండి తొక్కిడికి చెదిరిపోతోందని ఈసారి సుద్దను నీళ్లలో కలిపి, గుడ్డ ముంచి వేసింది. రెండో షెడ్డు గుమ్మం దగ్గర బండి గీత పోతోంది కదా, దాన్నే కాడగా పెట్టుకుని రెండు పక్కలా తీగలు, ఆకులు, మొగ్గలు అల్లింది. ఎంత బాగుందంటే, బండికి బంతిపూల దండ వేసి ఆ ముగ్గులో నిలబెట్టి అందరం ఫొటోలు తీసుకున్నాం. నేనూ దిగాను.

పూజ ముగ్గును చీపురుతో ఊడ్చకూడదని మావాళ్ల పట్టింపు. అడుగులు పడి దానంతటదే పోవాలి. మర్నాడు దసరా సెలవు, అడుగులు పడలేదు. ఆ తర్వాతి రోజు పొద్దున బండి మొదటి ట్రిప్పు బయల్దేరింది. గుమ్మం దాకా బాగానే వచ్చి, గీతను వదిలేసి సుమిత్ర గీసిన ఎడమ పక్క తీగ పట్టుకుని తిరిగింది. అక్కడ ర్యాకు పక్కన బస్వరాజ్ పెట్టెలు లెక్కపెట్టుకుంటున్నాడు. పక్కనున్న మనిషిని ఆ బండి చూడలేదు. అతని కాలిని మోకాలి కింద ర్యాకుకు వేసి నొక్కింది. ఎముకకు ఏమీ కాలేదు గాని కండ చితికింది. వారం విశ్రాంతి రాశారు.

ఇదీ జరిగింది. ఫారం ముందు పెట్టుకుని కలం మూత తీస్తున్నానో లేదో, తలుపు దగ్గర సుమిత్ర నిలబడింది.

"లోపటికి రావొచ్చునా సార్?"

"రామ్మా. పనిలో లేవా?"

"వీరన్న సార్ కార్డు తీస్కున్నడు. రిపోర్టు సంగతి తేలేదాంక గేటు బయటనే కూసోమన్నడు. మిమ్ములను కలుస్తనని చెప్పి వచ్చిన." వీరన్న వాళ్ల కాంట్రాక్టు సూపర్వైజరు. తలుపు దగ్గరే నిలబడి అంది. "బస్వరాజన్నను నిన్న దవాఖానల చూసొచ్చిన. నన్ను ఒక్క మాట అనలే సార్. గందుకే ఇంకింత బాధైతున్నది."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఎదురుగా ఉంది కదా అని ఆమె మీదే చూపించాను. "పోయి పోయి ఆ గీత మీదే ఎందుకు వేశావమ్మా? ఇంత షెడ్డులో ఇంకెక్కడా చోటు దొరకలేదా?"

ఆమె నావైపు ఆశ్చర్యంగా చూసింది.

"మీరే చెప్పిన్రు గద సార్, దానికి బుద్ధి ఉన్నదని, ఎద్దు లెక్క చూస్కొని పోతదని. మా వాకిట్ల రోజు ముగ్గేస్త. ఎడ్లు రోజు దాంట్లకెల్లే పోతయి. ముగ్గు చూసి ఏ ఎద్దన్న దారి తప్పుతదా సార్?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. తెలియక నిజంగానే అడిగింది.

"ఈ పని పోతే ఏం చేస్తావు?" అని మాత్రం అడగగలిగాను.

"ఏం చేస్త సార్, అల్లం తవ్వనీకి పోవాలె. కూసొని తవ్వుడు నాతోని అయితలేదు, మోకాళ్లు వంగుతలేవు. ఈడ నిలబడి చేసే పని గాబట్టి తొమ్మిదేండ్లు నడిచింది." ఆగి, "మీరు రాసేది రాయండి సార్. నా మీద మంచిగ రాయమంట లేను. జరిగింది జరిగినట్టు రాయండి," అని వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక, బండిని ఎలా వాడాలో చెప్పే పుస్తకం తీశాను. నాలుగో పేజీలో ఉంది. గీతకు అటూ ఇటూ అర మీటరు లోపల తెల్లటిదేదీ ఉండకూడదు, ఉంటే బండి దాని వెంట పోవచ్చు. ఆ వాక్యం కింద పెన్సిలు గీత కూడా ఉంది. ఆ పెన్సిలు నాది. ఫిబ్రవరిలోనే చదివాను, ముఖ్యమని గుర్తు పెట్టుకున్నాను. క్లాసులో చెప్పలేదు. మర్చిపోయానని చెప్పుకోవచ్చు గాని అది అబద్ధం. ఎద్దు కథ అంత చక్కగా సాగుతుంటే మధ్యలో ఈ అర మీటరు గోలేమిటని వదిలేశాను. మాటల పట్టింపు గురించి ఊరందరికీ పాఠాలు చెప్పే నేను చేసిన నిర్వాకం అది. నా మీద నాకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లాను. మా క్వార్టరు ఫ్యాక్టరీ వెనకే. పప్పుచారు కలుపుకుంటూ జరిగిందంతా రాజ్యలక్ష్మికి చెప్పాను. ఆమె విసనకర్ర పక్కన పెట్టి విన్నది.

"శుభలేఖలో ముహూర్తం అన్న మాట తప్పు పడిందని మా పెదనాన్న కూతురి పెళ్లిలో విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసిన మనిషి మీరు," అంది. "మరి మీ నోటి మాట తప్పి ఆ బస్వరాజ్ కాలు చితికితే, ఇవాళ అన్నం బాగానే దిగుతోందే?"

"దెప్పకే."

"దెప్పడం కాదండీ. ఇంకాస్త చారు పోస్తానుండండి. తిని వెళ్లి రాయండి."

తిన్నాను. ఆకలి వేసిన మాట నిజం. తిన్నందుకు సిగ్గుపడ్డ మాటా నిజం.

తిరిగొచ్చి ఫారం ముందు కూర్చున్నాను. ఒక సులువైన దారి కనబడుతూనే ఉంది. యంత్రం రకం దగ్గర అటానమస్ అని రాసేస్తే సరి. బుద్ధున్న బండి కనక ముగ్గును చూసి తప్పుకోవలసింది, తప్పుకోలేదు కనక తప్పు బండిది, అమ్మినవాళ్లది. రంగుల పుస్తకం సాక్ష్యం ఉంది, గుమ్మం పక్కన బోర్డు సాక్ష్యం ఉంది. సుమిత్ర బయటపడుతుంది, నేనూ బయటపడతాను, మహిధర్‌కీ ఇబ్బంది లేదు. ఒక్క అబద్ధపు మాటతో అందరూ క్షేమం. అయిదు నిమిషాలు కలం ఆ గడి మీదే పెట్టి కూర్చున్నాను. అమ్మినవాళ్లు నాలుగో పేజీ తెచ్చి చూపిస్తారన్న భయం కొంత ఉంది, కాదనను. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. ఆ మాట అలాగే నిలబడితే, షెడ్డులో తొంభై మందీ రేపు కూడా ఆ బండికి కళ్లున్నాయనే నమ్ముకుని దాని పక్కన నిలబడతారు. ఈసారి కండతో పోదు.

ఆటోమేటిక్ అని రాశాను. నిజమైన మాట అదే, దాన్ని ఎవరి కోసమూ మార్చకూడదు. కాని కారణం దగ్గర మహిధర్ చెప్పింది రాయలేదు. ఈ బండి గీతను మాత్రమే చూస్తుందని, దానికి బుద్ధి ఉందని కార్మికులకు క్లాసులో తప్పు చెప్పారని, నాలుగో పేజీలో ఉన్న హెచ్చరిక తెలిసీ చెప్పలేదని, బోర్డు మీద కూడా తప్పే రాసి ఉందని, సుమిత్ర తనకు చెప్పిన మాట నమ్మి ప్రవర్తించిందని రాశాను. చెప్పినవారి పేరు దగ్గర సూర్యనారాయణ అని రాసి సంతకం పెట్టాను. ఫారం తీసుకుని మహిధర్ గదికి వెళ్లాను.

మహిధర్ నిలబడే చదివాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని మళ్లీ చదివాడు.

"సార్, రిటైర్మెంటుకు మీకు పదహారు నెలలే ఉన్నది. ఎందుకీ లొల్లి? కాంట్రాక్టు మనిషి, వేరే కాడ ఏదన్న పని చూపిద్దాం ఆమెకు."

"ఆమె తప్పు చేసి ఉంటే చూపిద్దాం. చెయ్యలేదు కదండీ."

"బోర్డు సంగతి గూడ రాసిన్రు."

"బోర్డు మీద తెలుగు నాది, అది రాశాను. ఇంగ్లీషు ఎవరు పెట్టించారో రాయలేదు. అది మీ ఇష్టం."

అతను కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు. బండి ఆగిపోయి ఉంది, దండలో బంతిపూలు వాడిపోయాయి. "పంపండి సార్," అన్నాడు చివరికి. నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది.

ఆరు రోజులు జవాబు లేదు. ఆ ఆరు రోజులూ సుమిత్ర గేటు బయట సెక్యూరిటీ గది నీడలో కూర్చునేది. పొద్దున నేను లోపలికి వెళ్లేటప్పుడు లేచి నమస్కారం పెట్టేది. ఏమైందని ఒక్కనాడూ అడగలేదు. అడిగినా బాగుండునని నాకు అనిపించేది. ఆ గేటు దాటడమే నాకు కష్టమైపోయింది.

ఏడో రోజు జవాబొచ్చింది. మహిధర్ నన్ను పిలిచి చదివి వినిపించాడు. సుమిత్రను వెంటనే పనిలోకి తీసుకోవాలి, ఆమె మీద ఏ మచ్చా రాయకూడదు, జాబితాలో పేరు అలాగే ఉంచాలి. బోర్డు తీసెయ్యాలి. కార్మికులందరికీ వారంలోగా మళ్లీ క్లాసు పెట్టాలి. ఇకమీదట సూర్యనారాయణ క్లాసులు తీసుకోకూడదు, కాగితాల పని మాత్రం చూసుకోవాలి.

మొదటి మూడూ విన్నప్పుడు గుండె తేలికపడింది. చివరిది విన్నప్పుడు చెవులు వేడెక్కాయి. నిజం ఒప్పుకున్నందుకు మెచ్చుకుంటారని లోపల ఏ మూలో ఆశ పెట్టుకున్నట్టున్నాను. క్లాసు చెప్పడం కంటే నాకు ఈ ఉద్యోగంలో ఇష్టమైనది లేదు. ఇంటికెళ్లి రాజ్యలక్ష్మి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఆమె ఆ రోజు దెప్పలేదు.

శనివారం క్యాంటీనులో క్లాసు పెట్టారు. తొంభై మందితో పాటు నేనూ చివరి బెంచీ మీద కూర్చున్నాను. బస్వరాజ్ కుంటుకుంటూ వచ్చి ముందు వరసలో కాలు చాపుకుని కూర్చున్నాడు. మహిధర్ లేచి మొదలుపెట్టాడు. పాత్ అన్నాడు, సెన్సర్ అన్నాడు, డిటెక్షన్ జోన్ అన్నాడు. పది నిమిషాలయ్యేసరికి అందరూ గోడ మీది గడియారం చూస్తున్నారు. అలవాటు కొద్దీ అతను నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. నాకు అనుమతి లేదు.

అతను ఒక్క క్షణం ఆలోచించి, "సుమిత్రా, నువ్వు రా. ఈ బండి ఎట్ల నడుస్తదో నీకు తెలిసినట్టు చెప్పు," అన్నాడు.

ఆమె కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుంది.

"గీ బండికి బుద్ధి లేదు. తెల్లగ ఏది కనవడితె దాని ఎంబడి పోతది. నేను ముగ్గేసిన, ముగ్గు ఎంబడి పోయింది. రేపు ఎవలన్న సుద్ద ఒలకపోస్తె దాని ఎంబడి పోతది. ముంగట నిలబడితె ఆగుతది, పక్కకు నిలబడితె మనం ఉన్నమనే తెల్వది దానికి. గందుకని గీత పక్కపొంటి ఎవ్వలు నిలబడొద్దు, తెల్లగ ఏమన్న పడితె బండి ఆపి తుడవాలె. పూజ రోజైనా సరే."

అంతే. నాలుగో పేజీ అంతా అందులో వచ్చేసింది. గడియారం చూసేవాడు ఒక్కడూ లేడు.

మధ్య వరసలోంచి ఎవరో అడిగారు. "మరి సూర్యనారాయణ సార్ దానికి బుద్ధి ఉన్నదని చెప్పిండు గద, అప్పుడు?"

మహిధర్ ఏదో అనబోయాడు గాని సుమిత్ర ఆగలేదు. ఆమె నావైపు చూసి చెప్పింది.

"సార్ తప్పు చెప్పిన్రు. తప్పు చెప్పిననని సంతకం పెట్టి రాసిచ్చిన్రు. గందుకే నేను ఇయ్యాల గేటు లోపట నిలబడ్డ."

తొంభై మందీ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను లేచి నిలబడి, "అవును, తప్పే చెప్పాను. సుమిత్ర చెప్పిందే నిజం, అది గుర్తు పెట్టుకోండి," అని కూర్చున్నాను.